పర్సనాలిటీ టెస్టుతో మీ బలాలు తెలుసుకోవడం ఎలా: రిపోర్టు దగ్గరే ఆగిపోకుండా

అప్రైజల్ సీజన్ రాగానే బెంగళూరు ఆఫీసుల్లో సెల్ఫ్ రివ్యూ ఫారం తెరుచుకుంటుంది. "మీ ముఖ్యమైన బలాలు మూడు రాయండి" అన్న గడి దగ్గర చాలామంది తెలుగువాళ్ల చెయ్యి ఆగిపోతుంది. రాస్తే సొంత డబ్బా కొట్టుకున్నట్టు ఉంటుంది, రాయకపోతే పక్క సీటువాడు రాసుకుంటాడు. చివరికి టీమ్ ప్లేయర్, హార్డ్ వర్కింగ్, క్విక్ లెర్నర్ అని మూడు ముక్కలు పడేసి సబ్మిట్ నొక్కేస్తారు. ఫ్లోర్ మీద ఉన్న అందరికీ సరిపోయే మాటలవి, అందుకే ఎవరికీ పనికిరావు.

పర్సనాలిటీ టెస్టు ఈ పనిలో సాయపడుతుంది. మీలో ఉన్నవాటికి పేర్లు పెట్టిస్తుంది. ఆ పేర్లు మీకు నిజంగా వర్తిస్తాయా అన్న రుజువు మాత్రం టెస్టులో దొరకదు, మీ రోజువారీ పనుల్లో వెతుక్కోవాలి. టెస్టుకి గంట చాలు, రుజువులకి రెండు వారాలు పెట్టుకోండి. అసలు లాభం ఆ రెండు వారాల్లోనే.

ఏ టెస్టు రాయాలి

బలాల కోసమే అయితే వీఐఏ సర్వే అనే ఆన్‌లైన్ టెస్టుతో మొదలుపెట్టండి. క్రిస్టఫర్ పీటర్సన్, మార్టిన్ సెలిగ్మన్ అనే అమెరికన్ సైకాలజిస్టులు 2004లో ప్రచురించిన 24 గుణాల వర్గీకరణ దీనికి ఆధారం. కుతూహలం, నిజాయితీ, దయ, పట్టుదల, హాస్యం, కృతజ్ఞత, ముందుచూపు, నాయకత్వం వంటివి అందులో ఉంటాయి. పెద్దవాళ్ల సర్వేలో 96 వాక్యాలుంటాయి, పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. ఈమెయిల్‌తో రిజిస్టర్ అయితే 24 గుణాలూ వరుస క్రమంలో ఉచితంగా వస్తాయి. తర్వాత వివరమైన రిపోర్టు కొనమంటారు. మొదటిసారికి అది అక్కర్లేదు.

రెండోది బిగ్ ఫైవ్. సైకాలజీ పరిశోధకులు ఎక్కువగా నమ్మే కొలత ఇదే. కొత్త ఆలోచనలపై ఆసక్తి, పనిలో క్రమం, నలుగురిలో కలుపుగోలుతనం, సర్దుకుపోయే స్వభావం, ఆందోళనకు లోనయ్యే తత్వం అనే ఐదింటిని కొలుస్తుంది. 120 ప్రశ్నల ఐపీఐపీ-నియో అనే రూపం ఉచితంగా దొరుకుతుంది. అందులో ఒక్కో లక్షణం కింద ఆరు ఉపలక్షణాల చొప్పున మొత్తం 30 ఉంటాయి. మీకు పనికొచ్చేది ఆ 30లోనే ఉంటుంది. క్రమం మొత్తం మీద మధ్యస్థం అని వచ్చినవాళ్లకి లోపల చూస్తే టేబుల్ సర్దుకోవడంలో తక్కువ, సాధించాలన్న పట్టులో చాలా ఎక్కువ ఉండొచ్చు. పైపైన చూసి వదిలేస్తే ఈ సంగతి బయటపడదు.

క్లిఫ్టన్‌స్ట్రెంగ్త్స్ డబ్బు కట్టి రాసేది. కొన్ని కంపెనీలు ఉద్యోగుల తరఫున కడతాయి. 177 జతల వాక్యాలు, ఒక్కో జతకి 20 సెకన్లు, ఫలితం 34 రకాల్లో వస్తుంది. ఇంగ్లిష్ నెమ్మదిగా చదివేవాళ్లకి ఆ 20 సెకన్ల గడియారం ఇబ్బందే, వాక్యం అర్థమయ్యేలోపు టైమ్ అయిపోతుంది. కంపెనీ కడితే రాయండి, జేబులోంచి మాత్రం పెట్టకండి.

మనుషుల్ని పదహారు టైపులుగా విడదీసి ఒక్కో టైపుకి నాలుగు అక్షరాల పేరిచ్చే ఎంబీటీఐ బాగా పాపులర్. బలాలు తేల్చుకోవడానికి మాత్రం బలహీనమైన సాధనం. మనుషుల్లో చాలామంది ఏ కొలతలోనైనా మధ్యలోనే ఉంటారు. ఈ టెస్టు ఆ మధ్యలోనే గీత గీసి అటో ఇటో తోసేస్తుంది కాబట్టి రెండు జవాబులు మారితే అక్షరం మారిపోతుంది. ఉద్యోగులను ఎంచుకోవడానికి దీన్ని వాడకూడదని అమ్మే సంస్థే చెబుతుంది. నెట్‌లో ఉచితంగా దొరికే పదహారు టైపుల టెస్టులు చాలావరకు అసలు ఎంబీటీఐ కూడా కావు.

ఇక వేలిముద్రలు స్కాన్ చేసి పిల్లల బలాలూ చదవాల్సిన కోర్సూ చెబుతామంటూ అపార్ట్‌మెంట్లలో, స్కూళ్లలో స్టాళ్లు పెట్టే డీఎంఐటీ. దీనికి శాస్త్రీయ ఆధారం లేదు. పైసా ఇవ్వకండి.

కూర్చునే ముందు

ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక రాయండి. సిల్క్ బోర్డ్ దగ్గర ఇరుక్కున్న క్యాబ్‌లోనో, అర్ధరాత్రి సాఫ్ట్‌వేర్ రిలీజ్ ముగిశాకో, మేనేజర్ చేత చీవాట్లు తిన్న వారంలోనో వద్దు. ఆ రోజు మూడ్ జవాబుల్లోకి జారుతుంది. కొన్ని వారాలుగా నిద్ర పట్టక, ఏదీ చేయబుద్ధి కాకుండా ఉంటే టెస్టు మాట తర్వాత. అప్పుడొచ్చే రిపోర్టులో మీ స్వభావం కన్నా మీ అలసటే ఎక్కువ కనిపిస్తుంది. ముందు డాక్టరుతో మాట్లాడండి, లేదా 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వ టెలీ మానస్ సేవ అది, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

టెస్టు తెరిచే ముందు ఒక కాగితం మీద మీ అంచనాగా ఐదు బలాలు రాసి మడిచి పెట్టండి. రిపోర్టు చూశాక రాస్తే అంతా ముందే తెలుసనిపిస్తుంది. కాగితం ఉంటే ఆ భ్రమకి చోటుండదు.

తర్వాత ఏ 'నేను'గా రాస్తున్నారో తేల్చుకోండి. ఊరొదిలి వచ్చినవాళ్ల రిపోర్టులు ఎక్కువగా తప్పేది ఇక్కడే. అనంతపురంలో చుట్టాల పెళ్లికి వెళ్తే తెల్లారేదాకా కబుర్లు చెప్పే మనిషి, మారతహళ్లి ఆఫీసులో స్టాండప్ మీటింగ్ మొదలైతే రెండు వాక్యాలు చెప్పి మ్యూట్‌లోకి వెళ్లిపోతాడు. మీటింగ్ ఇంగ్లిష్‌లో, లంచ్ కబుర్లు హిందీలో, సెక్యూరిటీ అన్నతో వచ్చీరాని కన్నడలో నడుస్తుంటే నోరు తక్కువ లేవడం సహజం. "నలుగురిలో నేను ఎక్కువ మాట్లాడతాను" అన్న వాక్యానికి ఈ మనిషి ఆఫీసును తలుచుకుని 'కాదు' అని నొక్కితే ఇంట్రోవర్ట్ అని వస్తుంది. అతని దగ్గర లోటు కలుపుగోలుతనం కాదు, భాష మీద ధీమా. ఆ రెంటికీ చేయాల్సిన పని వేరు.

అందుకని బిగ్ ఫైవ్ రెండుసార్లు రాయండి, మధ్యలో కనీసం వారం విడిచి. ఒకసారి అన్ని జవాబులూ ఆఫీసును దృష్టిలో పెట్టుకుని, ఇంకోసారి సొంత మనుషుల మధ్య ఉన్నట్టు. రెంటిలోనూ ఒకేలా వచ్చినవి మీ స్థిరమైన లక్షణాలు. బాగా తేడా వచ్చినవి పరిస్థితి వల్ల పైకి రానివి, వాటి కింద గీత గీయండి.

జవాబులు ఇచ్చేటప్పుడు

ప్రతి వాక్యానికీ 'అస్సలు నాలా కాదు' నుంచి 'అచ్చం నాలాగే' వరకు ఐదు మెట్లుంటాయి. మనవాళ్ల చెయ్యి మూడో మెట్టు మీదికే పోతుంటుంది. గొప్పలు చెప్పుకోకూడదన్న పెంపకం అది. 96 వాక్యాల్లో 50కి మూడే పెడితే రిపోర్టు చప్పగా వస్తుంది, ర్యాంకుల మధ్య తేడా మిగలదు. మూడు నొక్కబోతున్నప్పుడల్లా ఒక ప్రశ్న వేసుకోండి: గత నెలలో ఇలా ఎన్నిసార్లు చేశాను? వారానికోసారైనా చేసుంటే నాలుగు, గుర్తే రాకపోతే రెండు. నిజంగా సగం సగం ఉన్నప్పుడే మూడు.

పోలిక ఎవరితో అన్నది కూడా ముఖ్యం. మీ టీమ్‌లో అందరూ ఎక్సెల్ షీటుకి రంగులద్దే రకమైతే మీరు పద్ధతి లేనివాళ్లలా అనిపిస్తారు, అదే పీజీ హాస్టల్లో రూమ్మేట్ల పక్కన మీరే పద్ధతికి మారుపేరు. మీ ఈడు మామూలు జనంతో పోల్చుకుని నొక్కండి.

తిరగేసి అడిగే వాక్యాలను నెమ్మదిగా చదవండి. "మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేస్తుంటాను" వంటి వాటికి స్కోరు ఉల్టాగా వేస్తారు. వేగంగా నొక్కుతూ పోతే అక్కడ తప్పు పడుతుంది. అర్థం కాని ఇంగ్లిష్ మాట వస్తే డిక్షనరీ చూడండి, ఊహించకండి. వీఐఏలో ప్రూడెన్స్ అన్నది పిరికితనం కాదు, ముందువెనకలు చూసుకోవడం. జెస్ట్ అంటే హుషారు. వాక్యం అర్థమయ్యాక మాత్రం ఎక్కువ ఆలోచించకుండా జవాబిచ్చి ముందుకెళ్లండి.

కంపెనీ పెట్టించిన టెస్టయితే మొదలుపెట్టే ముందే హెచ్‌ఆర్‌ని అడగండి, ఫలితం ఎవరెవరు చూస్తారని. మేనేజర్ చూస్తాడని తెలిస్తే మీరు ఎంత నిజాయితీగా రాద్దామనుకున్నా జవాబులు ఆఫీసుకి నచ్చేవైపు ఒరుగుతాయి. అలాంటప్పుడు ఇంట్లో సొంత ఈమెయిల్‌తో ఇంకోటి రాసుకోండి.

రిపోర్టు చదవడం

ముందు ఒక జాగ్రత్త. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే సైకాలజిస్టు తన విద్యార్థుల చేత పర్సనాలిటీ టెస్టు రాయించి, ఒక్కొక్కరికీ విడిగా తయారుచేసిన విశ్లేషణ అంటూ కాగితాలిచ్చాడు. అందరికీ ఇచ్చింది ఒకే పేరా, జ్యోతిషం పుస్తకంలోంచి ఏరిన వాక్యాలు. తమకెంత సరిపోయిందో 5కి మార్కులేయమంటే సగటున 4.26 వేశారు. "పైకి ధీమాగా కనిపించినా లోపల మీకు సందేహాలుంటాయి" వంటి మాట ఎవరికి సరిపోదు?

కాబట్టి రిపోర్టు ప్రింట్ తీసి పెన్సిల్ పట్టుకోండి. ప్రతి వాక్యంలోనూ మీ పేరు తీసేసి మీ రూమ్మేట్ పేరో బావమరిది పేరో పెట్టి చదవండి. వాళ్లకీ అంతే బాగా అతికితే కొట్టేయండి. మూడు పేజీల రిపోర్టులో పది పన్నెండు వాక్యాలు మిగిలితే సంతోషం.

ర్యాంకులను ఎంసెట్ ర్యాంకు చూసిన కళ్లతో చూడకండి. వీఐఏలో మీ పోటీ ఇంకెవరితోనూ కాదు, మీ 24 గుణాలు మీలోనే వరుసలో నిలబడ్డాయి. ఐదో స్థానానికీ తొమ్మిదో స్థానానికీ మధ్య తేడా ఒక్క జవాబంత ఉండొచ్చు. 24వది లోపం కాదు, మిగతావాటికన్నా తక్కువ వాడుకుంటున్నది మాత్రమే. బిగ్ ఫైవ్‌లో కనిపించే పర్సెంటైల్ సంగతి వేరు. 70 అంటే నూటికి 70 మార్కులు వచ్చాయని కాదు, పోల్చిన గుంపులో నూటికి 70 మంది మీకన్నా కింద ఉన్నారని. ఆందోళన తత్వంలో 70 వస్తే ఫస్ట్ క్లాస్ అని సంబరపడకండి.

చివరగా మడిచిపెట్టిన కాగితం తీయండి. రెంటిలోనూ ఉన్నవి సరే. రిపోర్టులో పైన ఉండి, మీ కాగితంలో లేనివాటినే ఎక్కువసేపు చూడండి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, తేలిగ్గా వచ్చేసే పనిని మనం బలం కింద లెక్కేయం.

రెండు వారాల నోటు

ఒక చిన్న నోటుబుక్కులో మూడు గడులు గీయండి: ఏం చేశాను, అందులో ఏ బలం వాడాను, అయ్యాక ఎలా ఉంది. మూడో గడిలో ప్లస్, సున్నా, మైనస్ చాలు. రోజుకి రెండే ఎంట్రీలు, పడుకునే ముందు ఐదు నిమిషాలు. ఒకటి ఆఫీసుది, ఒకటి బయటిది.

మొదటి గడిలో చేసిన పని మాత్రమే రాయాలి, అభిప్రాయం రాయకూడదు. ఉదాహరణకి సంక్రాంతి టికెట్లు తీసుకోండి. పీజీలో ఒకమ్మాయి తొమ్మిదిమందికి బస్సు బుక్ చేస్తుంది. ఎవరు ఏ ఊళ్లో దిగాలో, ఎవరికి మడివాళలో ఎక్కడం వీలో, ఎవరికి లోయర్ బెర్త్ కావాలో వాట్సాప్‌లో అడిగి రాసుకుంటుంది. బుకింగ్ తెరిచిన పూటే కూర్చుంటుంది. ఇద్దరు ఆఖర్లో సెలవు దొరకలేదంటే వాళ్ల బెర్తులకి వేరేవాళ్లను వెతికి డబ్బు సర్దుతుంది. అడిగితే "ఏముంది, టికెట్లు బుక్ చేశా" అంటుంది. నోటుబుక్కులో అలాగే రాస్తే ఏమీ తెలియదు. పైన చెప్పినట్టు విడదీసి రాస్తే ముందుచూపు, నాయకత్వం, తేడా రాకుండా చూసే న్యాయబుద్ధి, మూడూ కనిపిస్తాయి. రిలీజ్ ప్లానింగ్‌కి కావలసినవి కూడా అవే.

మూడో గడిని నిర్లక్ష్యం చేయొద్దు. బాగా చేయగలిగినా చేసిన ప్రతిసారీ మైనస్ పడుతున్న పని ఉంటే అది నైపుణ్యం, మీ బలం అనుకోకండి. ఎవరి డాక్యుమెంటేషన్ బాగుంటే వాళ్ల నెత్తినే ఏళ్లతరబడి డాక్యుమెంటేషన్ పడుతుంది. దాన్ని అప్రైజల్‌లో బలమని రాసుకుంటే వచ్చే ఏడూ అదే పని ఇస్తారు. రెండు వారాల్లో మూడుసార్లకి తగ్గకుండా ప్లస్ వచ్చినదాన్నే పట్టించుకోండి.

నాలుగో రోజుకి చాలామంది రాయడం మానేస్తారు. మానేస్తే వెనక్కి వెళ్లి గుర్తుచేసుకుంటూ పూరించకండి, గుర్తున్నవన్నీ గొప్పవో ఘోరమైనవో అయి ఉంటాయి. ఖాళీ వదిలేసి ఆ రోజు నుంచి రాయండి.

మీ గురించి తెలిసినవాళ్లను అడగడం

ఆరుగురు చాలు: ఇద్దరు ఇంటివాళ్లు, ఇద్దరు ఆఫీసువాళ్లు, ఇద్దరు పాత స్నేహితులు. "నా బలాలేంటి?" అని అడిగితే "నువ్వు చాలా మంచోడివి" అని వస్తుంది. సంఘటన అడగాలి.

అమ్మకి మెసేజ్ పెట్టకండి, ఫోన్ చేయండి. "అమ్మా, చిన్నప్పటినుంచి నేను చేసినవాటిలో, పర్లేదు, దీన్ని నమ్మి వదిలేయొచ్చు అని నువ్వనుకున్న పని ఒకటి చెప్పు" అనండి. మొదట "నువ్వు బంగారం నాన్నా, తిన్నావా" అంటుంది. ఇంకోసారి అడిగితే తాతయ్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు మందుల చీటీలన్నీ ఎవరు చూసుకున్నారో బయటికొస్తుంది.

ఆఫీసులో చనువున్న సీనియర్‌కి ఇలా రాయొచ్చు: "అన్నా, అప్రైజల్ కోసం కొంచెం హోంవర్క్ చేస్తున్నా. మనం కలిసి చేసిన పనుల్లో నేను బాగా చేశాననిపించిన సందర్భం ఒకటి గుర్తుంటే, అప్పుడు నేనేం చేశానో రెండు లైన్లు పంపగలవా? పొగడ్తలొద్దు, జరిగింది చాలు. శుక్రవారం లోపు." గడువు చెప్పకపోతే ఎవరూ పంపరు. కన్నడ, తమిళ మేనేజర్లకి ఇంగ్లిష్‌లో ఇదే రాయండి, 'ఫీడ్‌బ్యాక్' అన్న మాట లేకుండా. ఆ మాట చూడగానే అవతలివాళ్లు ఫారం భాషలోకి వెళ్లిపోతారు.

గ్రూపులో మాత్రం అడగొద్దు. మొదటివాడు ఏం రాస్తే మిగతావాళ్లు దానికే థంబ్స్ అప్ పెడతారు.

మూడింటినీ ఒక పేజీ మీదకి తేవడం

ఎడమవైపు మీ టెస్టులో పైనున్న ఏడు గుణాలు రాయండి. పక్కన నోటుబుక్కులో ప్లస్ వచ్చిన సంఖ్య, ఆ పక్కన ఎంతమంది చెప్పిన సంఘటనలో ఆ గుణం కనిపించిందో రాయండి. మూడుచోట్లా ఉన్నవి రెండో మూడో తేలతాయి. అవే మీ బలాలు. నోటుబుక్కులోనూ మనుషుల మాటల్లోనూ ఉండి టెస్టులో కిందున్నది కనిపిస్తే టెస్టుని పక్కనపెట్టి మనుషుల మాట నమ్మండి, ఆ వాక్యాలకి మీరు మొహమాటంగా జవాబిచ్చి ఉంటారు. టెస్టులో మాత్రమే ఉన్నది మీ కోరిక కావచ్చు. అలా ఉండాలనుకుంటున్నారు, ఇంకా లేరు.

తేలినవాటిలో ఒకటి తీసుకుని వారం రోజులు, రోజుకొక కొత్త పద్ధతిలో వాడండి. సెలిగ్మన్ బృందం 2005లో ప్రచురించిన ప్రయోగంలో ఇలా చేసినవాళ్లలో సంతోషం పెరిగి, దిగులు లక్షణాలు తగ్గి, ఆ మార్పు ఆరు నెలల వరకు నిలిచింది. కుతూహలం మీ బలమైతే ఒకరోజు పక్క టీమ్ డిజైన్ రివ్యూలో కూర్చోండి, ఇంకోరోజు ఆటో అన్నని కన్నడలో నాలుగు మాటలు అడిగి నేర్చుకోండి, మరోరోజు మీరు ఎన్నడూ తెరవని మాడ్యూల్ కోడ్ చదవండి. అతి అయితే ఏమవుతుందో కూడా ఈ వారంలోనే తెలుస్తుంది. కుతూహలం మితిమీరితే ఏ పనీ పూర్తికాదు, దయ మితిమీరితే అందరి పనులూ మీ నెత్తికే చేరతాయి, ముందుచూపు మితిమీరితే రిలీజ్ వాయిదా పడుతూనే ఉంటుంది.

ఇప్పుడు అప్రైజల్ గడిలోకి రండి. గుణం పేరు రాయకుండా చేసిన పని, దాని ఫలితం రాయండి. "నాకు ప్లానింగ్ స్కిల్స్ ఉన్నాయి" బదులు "రెండు టీమ్‌ల మధ్య డిపెండెన్సీలను స్ప్రింట్ మొదలవకముందే షీటులో పెట్టి ఇద్దరు లీడ్‌ల చేత ఒప్పించాను, ఈ క్వార్టర్‌లో చివరి నిమిషంలో ఆగిన రిలీజ్ లేదు" అని. ఇది చదివి సొంత డబ్బా అని ఎవరూ అనలేరు, జరిగిందే కదా. అంకె ఉంటే వేయండి, లేకపోతే కల్పించకండి. మేనేజర్ ఒక్క ప్రశ్నతో పట్టేస్తాడు.

నోటుబుక్కు, గుర్తులు పెట్టిన ప్రింటు, మడిచిన కాగితం ఒక కవరులో వేసి పైన తేదీ రాసిపెట్టండి. ఉద్యోగం మారినప్పుడో, లీడ్ అయినప్పుడో, లేదా ఏడాదికోసారో మళ్లీ రాస్తే చాలు. నెలనెలా రాస్తే ప్రశ్నలు గుర్తుండిపోయి పాత జవాబులే వస్తాయి. మళ్లీ రాసేటప్పుడు పాత కవరు ముందే విప్పకండి, కొత్త రిపోర్టు చేతికొచ్చాకే పక్కన పెట్టి చూడండి.